చెయ్యి వేరు, చెవి వేరు

టెలిగ్రాం వచ్చిందంటే ఎవరో పోయారనే లెక్క. వీధి మలుపులో ప్యూను సైకిలు బెల్లు వినిపిస్తే చాలు, కాయితం విప్పకముందే ఇంట్లో ఆడవాళ్లు శోకాలు మొదలుపెట్టేవాళ్లు. తీరా చూస్తే పిల్లాడు పరీక్ష పాసయ్యాడనో, అల్లుడికి బదిలీ అయిందనో ఉండేది. ముందు ఏడ్చి, తరవాత చదివించుకుని, ఆనక నవ్వుకునేవాళ్లు. ఆ కబుర్లన్నీ ఊళ్లో అందరికంటే ముందు తెలిసేది నాకే. పోస్టల్ సిగ్నలర్ని మరి. ఒరే, ఆ కొబ్బరిమట్ట ఇటు తొయ్యండి, మంట మందగిస్తోంది.

మోర్సు కోడు డాట్లూ డాష్‌లూ మాకు తెలుసు తాతయ్యా, సినిమాల్లో చూశాం అంటున్నారు. చూశారు సరే, విన్నారా? సినిమాలో వినిపించే ఆ 'పీ పీ' చప్పుడు మా ఆఫీసులో లేదర్రా. అది వైర్‌లెస్ సంగతి. మాది కృష్ణా డెల్టాలో ఓ కంబైన్డ్ ఆఫీసు, అంటే తపాలా, తంతి రెండూ ఒకే కప్పు కింద. ముందు గదిలో స్టాంపులు, మనియార్డర్లు. వెనక గదిలో గోడవారగా నా బల్ల. దాని మీద ఇత్తడి కీ ఒకటి, సౌండరు ఒకటి, కింద బ్యాటరీలు.

సౌండరంటే ఓ అయస్కాంతపు చుట్ట, దాని పైన ఓ మీట, అంతే. అవతలి ఊళ్లో ఆపరేటరు కీ నొక్కితే ఇక్కడ మీట కిందికి కొట్టుకుని 'టక్' అంటుంది. వదిలితే పైకి లేచి ఇంకో రకంగా 'టిక్' అంటుంది. కిందికి పడ్డ చప్పుడేదో, పైకి లేచిన చప్పుడేదో చెవి పోల్చుకోవాలి. ఆ రెండింటి మధ్య సందు ఇరుకైతే చుక్క, వెడల్పైతే గీత. చుక్కకీ గీతకీ వేరే స్వరం లేదు, మేం ఆ మధ్య ఖాళీనే వినేవాళ్లం. సౌండరు వెనక ఖాళీ రేకు డబ్బా నిలబెడితే చప్పుడు ఖంగుమనేది. అమెరికాలో తంతి ఆపరేటర్లు పొగాకు డబ్బాలు పెట్టుకునేవాళ్లట. మా ఆఫీసులో బిస్కెట్ల డబ్బా.

మాటకింత అని డబ్బులు కాబట్టి జనం పిసినారితనమంతా టెలిగ్రాం ఫారం మీదే చూపించేవాళ్లు. వాళ్లు తెలుగులో చెబితే మేం ఇంగ్లీషులో రాసేవాళ్లం. 'మదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ' అనే నాలుగు మాటలు నా చేతి మీదుగా ఎన్నిసార్లు పోయాయో చెప్పలేను. సీరియస్ అంటే చాలాసార్లు అప్పటికే అయిపోయిందని అర్థం. వచ్చేవాడు దారిలో కూలబడకూడదని అలా రాయించేవాళ్లు. చావు కబురు మీద 'ఎక్స్ ఎక్స్' అని గుర్తు పెట్టేవాళ్లం, అది మిగతావాటిని దాటుకుని ముందు పోవాలి. పెళ్లిళ్ల రోజుల్లో మాత్రం చేతికి సుఖం. దీవెనల వాక్యాలన్నిటికీ డిపార్టుమెంటు నంబర్లిచ్చింది. నంబరు కొడితే చాలు, అవతల ఆఫీసువాళ్లు రంగుల కాయితం మీద వాక్యం మొత్తం రాసి పంపేవాళ్లు.

మాకు నేర్పిన పెద్దాయన ఒకరుండేవారు. పంచె కట్టు, చెవిలో పెన్సిలు. కీ మీద కొత్తవాళ్లెవరైనా గబగబా కొట్టి గొప్పలు పోతే ఆయన లేచి వచ్చి, "చెయ్యి వేరు, చెవి వేరురా. నీ చెయ్యి ఎంత పరిగెడితే ఏం లాభం, అవతలివాడి చెవి అందుకోకపోతే మళ్లీ కొట్టాల్సింది నువ్వేగా" అనేవారు. ఆయన పెట్టిన రూలు ఒకటే, వినేవాడి వేగానికి పంపాలి. లైను మీద బెజవాడ ఆపరేటరు ఉంటే ఒక వేగం, మా పక్క పల్లెలో ఉద్యోగంలో చేరిన కుర్రాడుంటే ఇంకో వేగం.

చెయ్యి అన్నాను కదా, ఒక్కొక్కరి చెయ్యి ఒక్కో తీరు. బందరులో ఒకాయన 'సి' అక్షరంలో రెండో గీత కాస్త సాగదీసేవారు. నేనెప్పుడూ ఆయన మొహం చూడలేదు. కానీ మీట రెండుసార్లు ఆడగానే 'ఆయన డ్యూటీలో ఉన్నారు' అని తెలిసిపోయేది. ఒంట్లో నలతగా ఉన్న రోజు కూడా తెలిసేది. సందులు ఎగుడుదిగుడయ్యేవి. ఆయన రిటైరైన రోజున లైను మీద వీడ్కోలు చెప్పుకున్నాం. ఫోన్లో మాట్లాడినా అంత దగ్గరగా ఉండేది కాదేమో.

తరవాత 1977 నవంబరు 19. దివిసీమ. ఉప్పెన సంగతి మీ నాన్నమ్మ ఎప్పుడూ చెబుతూనే ఉంటుంది, మళ్లీ చెప్పను. నాకు గుర్తున్నది సౌండరు. మీట కదల్లేదు. కీ నొక్కితే అవతల ఎవరూ లేరు. స్తంభాలకి స్తంభాలే ఒరిగిపోతే తీగలు ఎక్కడుంటాయి? వేలమంది పోయారు. ఎక్స్ ఎక్స్ కబుర్లు వేలల్లో పంపాల్సినప్పుడే పంపడానికి తీగ లేకపోయింది. తీగతో పని లేని మోర్సు నేర్చుకోవాలని అప్పుడే మనసులో పడింది. పడి, అక్కడే ఉండిపోయింది. సంసారం, పిల్లల చదువులు, చెల్లెళ్ల పెళ్లిళ్లు, మీకు తెలియనివి ఏమున్నాయి.

ఆఫీసులో మోర్సు నెమ్మదిగా పోయింది. పెద్ద ఊళ్లలో టెలిప్రింటర్లు ముందే వచ్చేశాయి, చిన్న ఊళ్లలో టెలిఫోన్ మీద చెప్పించుకోవడం మొదలైంది. 1985లో తపాలా ఒక శాఖ, టెలికాం ఒక శాఖ అయ్యాయి. నన్ను కౌంటర్లో కూర్చోబెట్టారు. మళ్లీ కీ ముట్టకుండానే రిటైరయ్యాను. 2013 జులై 15 నుంచి టెలిగ్రాం సర్వీసే ఎత్తేశారు. ముందు రోజు జనం క్యూలు కట్టి తమకు తామే టెలిగ్రాంలు పంపుకున్నారని పేపర్లో చదివి నవ్వొచ్చింది. ఒకప్పుడు గుమ్మంలోకి రాకూడదని మొక్కుకున్న కాయితం అది.

తీగ లేని మోర్సు వైపు, అంటే సరదాకి నడిపే హామ్ రేడియో వైపు నన్ను లాగింది అండమాన్. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో నుంచి భారతీ ప్రసాద్ అనే ఆవిడ బృందంతో పోర్ట్ బ్లెయిర్ వెళ్లి, వియు4ఆర్‌బిఐ అనే కాల్‌సైన్ పేరుతో రేడియో పెట్టుకున్నారు. అండమాన్ నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటం వాళ్ల ఉద్దేశం, అంతే. డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. సరదాకి పెట్టుకున్న ఆ రేడియోలే కబుర్లు మోశాయి. ఆ సంగతి విన్నప్పుడు నాకు దివిసీమే కళ్లకు కట్టింది. అప్పుడు మా దగ్గర అలాంటిది ఒక్కటి ఉంటేనా అనిపించింది. రిటైరయ్యాక హైదరాబాదులో మీ అత్తయ్య ఇంట్లో ఉన్నప్పుడు పుస్తకం తెచ్చుకుని పరీక్షకి కూర్చున్నాను.

లైసెన్సు రూల్సు మా కాలంలో వేరు. గ్రేడ్ టూకి నిమిషానికి అయిదు మాటల మోర్సు, గ్రేడ్ వన్‌కి పన్నెండు. తరవాత మార్చారు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకి మోర్సే అక్కర్లేదు, జనరల్ గ్రేడుకి ఎనిమిది మాటలు. ఎనిమిదా, నిద్రలో రాస్తానన్నాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదటిసారి విన్నప్పుడు తెలిసింది సంగతి. కోడు అదే. ఒక్క అక్షరం మారలేదు. చప్పుడే వేరు. నా చెవి 'టక్' కోసం, దాని వెంట 'టిక్' కోసం కాచుకుని ఉంటే, వచ్చేది సన్నటి ఈల. గీత వస్తే ఈల సాగుతుంది, చుక్క వస్తే తెగుతుంది. చప్పుళ్ల మధ్య ఖాళీని వినే మనిషికి ఇప్పుడు ఖాళీలో ఏమీ లేదు, ఉన్నదంతా మోతలోనే. చెయ్యి మాత్రం ఏమీ మరవలేదు. కీ మీద వేలు పెట్టగానే అంతా దానంతటదే వచ్చేసింది. చెవిని మాత్రం బడికి పంపాల్సి వచ్చింది.

పరీక్ష గట్టెక్కింది. అసలు కథ ఆ తరవాత మొదలైంది. రాత్రి పూట 7 మెగాహెర్ట్జ్ మీద వింటే ఐరోపా అంతా ఉంటుంది. జపాన్ ఉంటుంది, రష్యా ఉంటుంది. వాళ్లంతా ఇరవై అయిదు, ముప్ఫై మాటల వేగంతో మాట్లాడుకుంటున్నారు. నాకు నా కాల్‌సైన్ తప్ప ఏదీ పట్టుబడటంలేదు. నెమ్మదిగా పంపమని అడగడానికి 'క్యూఆర్ఎస్' అనే గుర్తుంది. అడిగితే తగ్గిస్తారు. ఒక మాట, రెండు మాటలు బాగానే పంపుతారు, ఆనక అలవాటు చొప్పున మళ్లీ వేగం అందుకుంటారు. వాళ్లని ఏమనగలం?

"నీకు వచ్చిందే మళ్లీ నేర్చుకుంటావేంటి తాతయ్యా" అని నువ్వే కదురా అడిగావు, మోర్సు నేర్పే ప్రోగ్రాం కంప్యూటర్లో ఎక్కించినప్పుడు? వచ్చింది కాబట్టే కష్టమైంది.

ఈ వేగం లెక్క ఒకసారి చెబుతాను, విసుక్కోకండి. చుక్క నిడివి ఒకటి అనుకుంటే గీత మూడు. అక్షరం లోపల సందు ఒకటి, అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు, మాటకీ మాటకీ మధ్య ఏడు. 'పారిస్' అనే మాటని కొలమానంగా పెట్టుకున్నారు, ఎందుకంటే దాని వెనక ఖాళీతో కలిపి లెక్కేస్తే సరిగ్గా యాభై వస్తుంది. నిమిషానికి ఎన్ని పారిస్‌లు పడితే అదే వేగం. అయిదు మాటల దగ్గర ఒక చుక్క సెకనులో పావువంతు దాకా ఉంటుంది, తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు. ఇరవై దగ్గర సెకనులో వెయ్యో వంతులు అరవై. ముప్ఫై దగ్గర నలభై. నలభై అంటే మనిషి లెక్కపెట్టే పని కాదు. 'ఎస్' మూడు చుక్కలు, 'హెచ్' నాలుగు, అయిదు అంకె అయిదు చుక్కలు. నెమ్మదిగా అయితే పసిపిల్లలు కూడా చెప్పేస్తారు. వేగంలో మూడూ ఒకటే 'డిర్ర్' మంటాయి. 'వి'కీ నాలుగు అంకెకీ అదే తంటా, 'బి'కీ ఆరు అంకెకీ అదే తంటా.

జర్మనీలో 1930లలో లుడ్విగ్ కోఖ్ అనే సైకాలజిస్టు ఈ రోగానికి మందు కనిపెట్టాడు. నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుకుంటూ పోవద్దన్నాడు. మొదటి రోజు నుంచే అసలు వేగంతో వినాలి, కానీ రెండే అక్షరాలు. నూటికి తొంభై సరిగ్గా రాయగలిగితే మూడోది కలపాలి. తరవాత నాలుగోది. చుక్కలు లెక్కపెట్టుకునే తీరిక చెవికి ఏ దశలోనూ ఇవ్వకూడదు. ఫార్న్స్‌వర్త్ పేరు మీద ఇంకో పద్ధతి ఉంది. అక్షరాన్ని వేగంగానే పంపి, అక్షరాల మధ్య ఖాళీ సాగదీస్తారు. ఆలోచించుకోవడానికి వ్యవధి ఖాళీలో దొరుకుతుంది, అక్షరం రూపం మాత్రం చెడదు. నన్నడిగితే కొత్తగా నేర్చుకునేవాళ్లకి రెండోది సుఖం, నాలాగా పాత అలవాటు ఊడబెరకాల్సినవాళ్లకి కోఖే గతి. నేను 'కె', 'ఎమ్' రెండక్షరాలతో మొదలుపెట్టాను. ఏళ్ల తరబడి ఊరి కబుర్లన్నీ మోసిన మనిషి కె, ఎమ్, కె, కె, ఎమ్ అని రాసుకుంటూ కూర్చుంటే మీ నాన్నమ్మ గడప దగ్గర నిలబడి, "అక్షరాభ్యాసం ఎప్పుడు చేయించమంటారు, పంతులుగారికి కబురు పంపనా?" అంది.

ఇరవై రెండు దాకా చకచకా వచ్చేశాను. అక్కడ ఆగిపోయింది. ఎంత విన్నా ముందుకు కదలదు, వయసైపోయింది కాబోలు అనుకున్నాను. వయసుతో సంబంధం లేదని పాత అమెరికా పరిశోధన ఒకటి చదివాక తెలిసింది. 1897లో, మళ్లీ 1899లో ఇండియానా యూనివర్సిటీకి చెందిన బ్రయన్, హార్టర్ అనే ఇద్దరు, తంతి ఆపరేటర్ల మీదే పరిశోధన చేశారు. కుర్రాళ్లు పంపడం ఎంత వేగంగా నేర్చుకుంటున్నారు, అందుకోవడం ఎంత వేగంగా నేర్చుకుంటున్నారు అని వారం వారం గీత గీశారు. పంపే గీత నున్నగా పైకి పోయింది. అందుకునే గీత కొంత దూరం పోయి, బల్లపరుపుగా సాగి, చాలాకాలం అలాగే ఉండి, ఒక్కసారి మళ్లీ లేచింది. మా పెద్దాయన చెవిలో పెన్సిలు పెట్టుకుని చెప్పింది అదేనర్రా. చెయ్యి వేరు, చెవి వేరు. ఆ దొరల పేరు ఆయన విని ఉండడు.

గీత ఎందుకు ఆగింది, ఎందుకు లేచింది అన్నదానికి వాళ్లు చెప్పిన కారణం నాకు బాగా నచ్చింది. మొదట మనిషి అక్షరాలు వింటాడు. అక్షరాలు వినడంలో ఎంత ఆరితేరినా ఒక వేగం దాటి పోలేడు. లోపల నెమ్మదిగా మాటలు మాటలుగా వినడం అలవాటవుతుంది, అది పైకి కనిపించదు. ఆ అలవాటు కుదిరిన రోజున గీత లేస్తుంది. 'ప, ల, క' అని కూడబలుక్కునే పిల్లాడు ఏదో ఒక రోజు 'పలక' అని చదివేస్తాడే, అలాగన్నమాట. మాటల తరవాత వాక్యం ముక్కలు ముక్కలుగా వినడం. అక్కడిదాకా పోయినవాళ్లే పెద్ద లైన్ల మీద పనిచేసేవాళ్లు.

అది తెలిశాక నేను రెండు పనులు చేశాను. ఒకటి, పెన్సిలు పక్కన పెట్టేశాను. జీవితమంతా విన్న ప్రతి అక్షరాన్నీ కాయితం మీద పెట్టిన చెయ్యి ఇది, ఖాళీగా ఉంచితే దురద పుట్టేది. మొదట్లో మాట మధ్యలో ఉండగానే మొదటి అక్షరం మరిచిపోయేవాణ్ని. క్రమంగా మాట మొత్తం నుదుటి మీద రాసినట్టు నిలబడటం మొదలైంది. ఆఫీసులో మేం ఒకటి రెండు మాటలు వెనకబడి రాసేవాళ్లం, చెవి ముందు, చెయ్యి వెనక. ఆ విద్య ఇక్కడ పనికొచ్చింది. రెండోది, పోయిన అక్షరాన్ని వదిలెయ్యడం. టెలిగ్రాంలో ఒక్క అక్షరం పోతే ఉద్యోగం మీదికొచ్చేది. అవతలి మనిషిని ఆపి అడిగి రాసేవాళ్లం. ఇక్కడ పోయినదాని కోసం వెనక్కి తిరిగి చూస్తే ముందున్న అయిదూ పోతాయి. చేతికంటిన చాదస్తం కంటే బుర్రకంటిన చాదస్తం వదిలించుకోవడానికి ఎక్కువ కాలం పట్టింది.

ఇంకో సంగతి. రోజూ పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం కూర్చుని మూడు గంటలు వింటే తలనొప్పి తప్ప ఏమీ రాదు. వేగం మాత్రం మనకి హాయిగా ఉన్నదానికంటే కాస్త పైనే పెట్టుకోవాలి. సగం పోయినా సరే. ముప్ఫై దగ్గర కొన్నాళ్లు తిట్టుకుంటూ విని, ఇరవై అయిదుకి దిగితే అవతలివాడు ఆవులిస్తూ పంపుతున్నట్టుంటుంది. అమెరికాలో టెడ్ మెక్ఎల్రాయ్ అని ఒకడుండేవాడు. 1939 జులైలో నార్త్ కరోలినా రాష్ట్రం ఆష్‌విల్‌లో జరిగిన పోటీలో నిమిషానికి 75.2 మాటలు అందుకుని టైపు కొట్టాడు. ఆ వేగం నాకు అక్కర్లేదు, మీకూ అక్కర్లేదు, కానీ మనిషి చెవికి ఎంత జాగా ఉందో తెలుసుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది.

పోటీలంటే గుర్తొచ్చింది. ఏటా నవంబరు ఆఖరి శని, ఆదివారాల్లో 'సీక్యూ వరల్డ్ వైడ్' అని మోర్సు పోటీ జరుగుతుంది, నలభై ఎనిమిది గంటలు. ఆ రెండు రోజులూ బ్యాండ్ మీద సూది మోపే సందుండదు. కబుర్లేమీ ఉండవు. కాల్‌సైన్, సిగ్నల్ బాగుందని చెప్పే '599', మన జోన్ నంబరు, అంతే. ఇండియాది 22. తొమ్మిదికి నాలుగు గీతలూ ఒక చుక్కా కొట్టాలి, అంత ఓపిక ఎవరికుంది? దాని బదులు 'ఎన్' కొడతారు, ఒక గీత, ఒక చుక్క. '5ఎన్ఎన్ 22'. మాటకింత అని డబ్బు కట్టే రోజుల్లో మా ఊరి జనం కూడా ఇంత పొదుపు చెయ్యలేదు. నాలాంటివాడికి ఆ పోటీలే మంచి బడి. ఏం రాబోతోందో ముందే తెలుసు కాబట్టి చెవికి భయం ఉండదు, వేగం దానంతటదే అలవాటవుతుంది.

చెవి సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి మీ నాన్నకి కూడా చెప్పండి, ఆయనకీ యాభై దాటాయి. వయసు పెరిగేకొద్దీ సన్నటి స్వరాలే ముందు పోతాయి. రేడియోలో ఈల స్వరాన్ని మనకి కావలసినట్టు మార్చుకోవచ్చు. నేను 500 హెర్ట్జ్ దగ్గర పెట్టుకుంటాను. ఫిల్టరు ఇరుకు చేస్తే పక్క స్టేషన్ల రొద తగ్గుతుంది. మోర్సుకి బ్యాండ్ మీద పట్టే చోటు నూట యాభై హెర్ట్జ్‌కి అటూ ఇటూ, మాటలకైతే రెండున్నర వేలు. అంత ఇరుకులో పట్టేస్తుంది కాబట్టే అయిదు వాట్లతో కూడా సముద్రాలు దాటుతుంది. నా పెట్టె చూశారుగా, హైదరాబాదులో అష్హర్ ఫర్హాన్ అనే ఆయన తయారుచేసిన మైక్రో బిట్ఎక్స్. దానికి ముందు ఆయన చేసిన బిట్ఎక్స్‌లో కాయిల్ చుట్టడానికి కొళాయి వాషర్లు వాడారు. ఇక్కడ బజార్లో దొరికే సామానుతోనే హామ్‌లు తమ రేడియో తామే కట్టుకోవాలని ఆయన పట్టుదల. ప్రపంచమంతా ఆ డిజైన్ చూసి కట్టుకున్నారు. మన ఊళ్లలో ఎంతమందికి తెలుసో మరి.

ఇక చేతి మాట. చెయ్యి మరవలేదని గొప్పలు పోయాను కదా. ఇరవై దాటాక ఇత్తడి కీ మీద మణికట్టు ఎదురు తిరిగింది. ఇది కొత్త రోగం కాదు, తంతి ఆఫీసుల్లో చెయ్యి పట్టేసి ఉద్యోగాలు మానుకున్నవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. వాళ్ల కోసమే అమెరికాలో హొరేస్ మార్టిన్ అనే ఆయన, 1900లు మొదలైన కొత్తలో, చుక్కలు దానంతటదే కొట్టే కీ కనిపెట్టాడు. ఇప్పుడు ప్యాడిల్ వచ్చింది. బొటనవేలు ఒత్తితే చుక్కలు, చూపుడువేలు ఒత్తితే గీతలు, నిడివి సంగతి ఎలక్ట్రానిక్స్ చూసుకుంటుంది. మణికట్టుకి సుఖమే. ఒక్కటే లోటు. అన్ని చుక్కలూ ఒకే కొలత, అందరి చెయ్యీ ఒకటే. బందరు ఆయన ఈ ప్యాడిల్ మీద కొట్టి ఉంటే నేను పోల్చుకునేవాణ్ని కాదు. అందుకే ఆదివారం పొద్దున మాత్రం నేను ఇత్తడి కీ తీస్తాను. ఆ కాసేపు వేగం పద్దెనిమిది దాటదు. ప్రపంచంలో నాలాంటి పాత కీ వాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లే దొరుకుతారు.

ఇదంతా దేనికి అంటారా? 2003లో జెనీవాలో ప్రపంచ దేశాలన్నీ కూర్చుని, హామ్ లైసెన్సుకి మోర్సు పరీక్ష ఉండాలో వద్దో ఏ దేశానికి ఆ దేశం తేల్చుకోవచ్చన్నాయి. చాలా దేశాలు తీసేశాయి. అమెరికా 2007లో తీసేసింది. ఓడల్లో ఎస్ఓఎస్ వినే డ్యూటీలు 1999లో అయిపోయాయి. ఇప్పుడు చాలా దేశాల్లో ఎవరికీ బలవంతం లేదు. బలవంతం లేకపోయినా సాయంత్రం 7 మెగాహెర్ట్జ్ మీద ఎంత సందడో చూడండి. పరీక్ష పీడ వదిలాక ఇష్టమున్నవాళ్లే మిగిలారు.

ముప్ఫై మాటల వేగం అందిన తరవాత ఏం మారిందో చెప్పమంటే ఇదీ. అక్షరాలు వినిపించడం మానేశాయి. హంగరీ నుంచి ఒకాయన మా ఊళ్లో ఇవాళ మంచు పడింది, నా భార్య మోకాళ్ల నొప్పులంటోంది అంటే, అది కబురులాగే వినిపించింది. జవాబుగా మా ఇంట్లోనూ అదే పాట అన్నాను. ఆయన 'హై హై' అని నవ్వాడు. మోర్సులో నవ్వు అలాగే ఉంటుంది. అంత వేగంలో అయితేనే నవ్వు వేళకి వస్తుంది. అయిదు మాటల వేగంలో వేళాకోళం చేస్తే అవతలివాడు నవ్వేసరికి మన భోజనం కూడా అయిపోతుంది.

మీలో ఎవరైనా నేర్చుకుంటానంటే రేపే మొదలుపెడదాం, రెండక్షరాలతో. గోడకి చార్టు మాత్రం అంటించనివ్వను. నేర్చుకుని వేగం పట్టాక ఒక్క పని చెయ్యండి. బ్యాండ్ మీద ఎవరో కొత్తవాడు తడబడుతూ, చుక్కలు ఎగుడుదిగుడుగా, 'సీక్యూ', అంటే ఎవరైనా వింటున్నారా అని పిలుస్తూ ఉంటాడు. వేగంగా పోయేవాళ్లెవరూ ఆగరు. మీరు ఆగండి. మీ వేగం అతని వేగానికి దించి, అతను అడక్కముందే నెమ్మదిగా జవాబివ్వండి.